నడిమి గీత

మెట్ల కింద వర్క్‌షాపు
ఆదివారం

ఒరేయ్ పొడుగూ,

టెలిస్కోపు పెట్టె పగలకుండా చేరిందని మరదలు ఫోన్ చేసి చెప్పింది. నీతో మాత్రం ఫోన్లో మాట్లాడేది లేదు. ఫోన్లో అయితే నవ్వేసి తప్పించుకుంటావు. కాగితం మీద అబద్ధం ఆడాలంటే కాసేపు కూర్చుని ఆలోచించాలి, నీకంత ఓపిక లేదు.

రోజంతా క్రేను క్యాబిన్లో కూర్చుని కిందకి చూసీ చూసీ మెడ పట్టేసిందనీ, ఇక పైకి చూస్తాననీ అన్నావు. నీ మెడ కోసం నేను భుజాలు పోగొట్టుకున్నాను. కాలేజీల మైక్రోస్కోపులూ, కంటి ఆసుపత్రి పరికరాలూ బాగుచేసుకుంటూ మధ్యమధ్యలో ఈ అద్దాన్ని రుద్దాను. గురి చూసుకునే చిన్న గొట్టాన్ని నీ కుడికంటికి వీలుగా, మొహానికి తగలకుండా బిగించాను. దాని జోలికి పోకు.

పెట్టెలో రెండు నల్లటి గుండ్రటి రేకులుంటాయి. గిన్నెల మూతలనుకుని వంటింట్లో పెట్టేరు. అవి టెలిస్కోపు మూతికి తగిలించే మాస్కులు. మొదటిదానిలో సన్నటి చీలికలు మూడు గుంపులుగా, మూడు వైపులకి వాలి ఉంటాయి. చీకటి పడుతుండగా మెరిసే చుక్క ఒకదానికి గురిపెట్టి, ఈ మాస్కు తగిలించి చూడు. చుక్క మూడు గీతలుగా సాగుతుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఇంటూ గుర్తులా నిలబడతాయి. మూడోది నడిమి గీత. నాబ్ తిప్పుతుంటే అది అటూ ఇటూ జరుగుతుంది. ఇంటూ గుర్తు నడిబొడ్డులోంచి అది పోయిందంటే ఫోకస్ కుదిరినట్టే. ఇక మాస్కు తీసేసి హాయిగా చూసుకో.

రెండో మాస్కు అద్దాల వరస సరిచూడటానికి. దారి కుదుపులకి పెద్దద్దం ఒక పక్కకి ఒరుగుతుంది. ఈ మాస్కు మూడు ముక్కలు, ఒక్కో ముక్కా తన సొంత గీతలు గీస్తుంది. మూడు నడిమి గీతలూ ఒకేసారి మధ్యకి రావాలి. ఒకటొచ్చి తక్కినవి మొరాయిస్తే, వెనకున్న మూడు స్క్రూలనీ కొంచెం కొంచెంగా తిప్పు. కొంచెం అన్నాను. అది నీ క్రేను లివరు కాదు.

కంటికి బాగా కనిపించినంత మాత్రాన కుదిరిందిలే అనుకోకు. కన్ను మొహమాటానికి పోతుంది, మాస్కు పోదు. ఎలా వచ్చిందో రాయి.

నీ అక్క

*

మేడమీద గది
శనివారం

హెడ్మాస్టరమ్మ గారికి,

నమస్కారం. మీ శిష్యుడు పరీక్ష తప్పాడు, కాకపోతే తప్పు ప్రశ్నపత్రంలో ఉంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇంటూ గుర్తు వచ్చింది, నడిమి గీతా వచ్చింది. చక్కగా మధ్యకి తెచ్చాను. కానీ అక్కా, ఆ గీత తిన్నగా లేదు. సరిగ్గా మధ్యలో, ఎవరో వేలితో నొక్కినట్టు వంగి ఉంది. రెండు చివరలూ బాగానే ఉన్నాయి. నీ చీలికలు వంకరగా కోశావని నా అనుమానం. వయసు మీద పడుతోంది మరి, నిన్ననలేం.

పనిలో ఒక మంచి కబురు. ఏటి మీద కొత్త వంతెనకి నన్ను పెద్ద క్రేను ఎక్కించారు. స్తంభాల మీదకి దూలాలు ఎక్కించేది ఇక నేనే. కింద సైగలు చేసేది మా బావమరిది. వాణ్ణి పనిలో పెట్టించింది నేనే కాబట్టి, బావా బావా అంటూ పదిమందిలో నా పరువు నిలబెడుతున్నాడు. నెలాఖరుకి అన్నిటికన్నా పెద్ద దూలం ఎత్తాలి. స్తంభం మీద మనుషులు నిలబడి బోల్టులు బిగిస్తుంటే, నేను దాన్ని అరచేతి వెడల్పు సందులో దించాలి. మా మేనేజరు నా భుజం తట్టి "నీ కన్ను మీదే ఉంది మా వంతెన" అన్నాడు. ఇంటికొచ్చి మీ మరదలికి చెప్తే, "అయితే కన్ను జాగ్రత్త" అంది. దాని మెచ్చుకోలు ఎప్పుడూ అంతే.

ఇంకో మాస్కు కోసి పంపు. ఈసారి స్కేలు పెట్టుకో.

నీ పొడుగు

*

మెట్ల కింద వర్క్‌షాపు
గురువారం

ఒరేయ్,

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికి నీలాంటివాడే. ఆ చీలికలు మిషన్ మీద కోసినవి. ఉక్కు స్కేలు ఆనించి, దీపానికి ఎదురుగా పట్టి చూశాకే పెట్టెలో పెట్టాను. వయసు మాటెత్తావు కదా, నీ నెత్తి మీద ఎన్ని నల్ల వెంట్రుకలు మిగిలాయో మరదల్ని లెక్కపెట్టమను.

సరే, పోట్లాట తర్వాత. తప్పెక్కడుందో పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. ముందు మాస్కుని మూతి మీదే పావు వంతు తిప్పు. గీతలన్నీ దాంతోపాటు తిరుగుతాయి. తప్పు నా కోతలో ఉంటే ఆ వంకర కూడా వాటితోపాటే తిరుగుతుంది. తర్వాత పెద్దద్దాన్ని పట్టుకున్న క్లిప్పులు వదులు చెయ్యి. అవి గట్టిగా బిగిస్తే అద్దం నొక్కుకుపోయి చుక్కలు వికారంగా కనిపిస్తాయి. అప్పుడు రెండో మాస్కు పెట్టి వరస చూడు. వేరే వాళ్ళ చేత కూడా ఒకసారి చూపించు. అన్నీ వరసగా చేసి, చేసింది చేసినట్టు రాయి.

పెద్ద క్రేను ఎక్కావంటే సంతోషమేరా. నాన్న కళ్ళజోళ్ళ కొట్లో మెట్టెక్కడానికి భయపడి ఏడ్చినవాడివి నువ్వేనా అని ఇక్కడ అందరికీ చెప్పుకుంటున్నాను. మా పనివాళ్ళు విని విని విసిగిపోయారు.

నీ అక్క

*

మేడమీద గది
ఆదివారం

అక్కా,

చేసింది చేసినట్టు రాస్తున్నాను.

మాస్కు తిప్పాను. గీతలు తిరిగాయి, వంకర తిరగలేదు. క్లిప్పులు వదులు చేశాను, తేడా లేదు. రెండో మాస్కు పెట్టాను. ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. మూడు నడిమి గీతలుంటాయి కదా, వాటిలో నేను దేన్ని చూస్తే అదే వంగుతోంది. పక్కనున్నవి తిన్నగా ఉంటాయి. సరే, వాటి సంగతి చూద్దామని అటు చూపు తిప్పితే అది వంగి, ఇది తిన్నబడుతుంది. దొంగాట ఆడుతున్నాయి.

మీ మరదల్ని పిలిచి చూపించాను. చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక్క క్షణం చూసి, "అన్నీ తిన్నగానే ఉన్నాయి కదండీ" అంది. దానికేం తెలుసు గీతల సంగతి! పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చింది, ఆ హడావిడిలో ఏం చూసిందో. "సరిగ్గా చూడవే" అంటే, "సరిగ్గా ఉన్నదాన్ని ఇంకెంత సరిగ్గా చూడాలి" అని వెళ్ళిపోయింది.

ఇక్కడ కొంచెం గాలి ఎక్కువగా ఉంది. మొన్న ఇనప కడ్డీల కట్ట దించుతుంటే షెడ్డు చూరుకి ఆనింది. బావమరిది గట్టిగా అరిచాడు. ఎవరికీ ఏమీ కాలేదులే. "ఏంటి బావా, నిద్రపోతున్నావా?" అని వెక్కిరించాడు. గాలి అన్నాను. నిజంగానే గాలి ఉంది.

ఇంకేం చెయ్యాలో చెప్పు. చిన్నద్దం పాడయిందేమో?

తమ్ముడు

*

మెట్ల కింద వర్క్‌షాపు
బుధవారం

తమ్ముడూ,

మాస్కులు పక్కన పెట్టు. స్క్రూలు ముట్టుకోకు.

ఈ ఉత్తరం చదువుతున్న చోటే కూర్చుని, ఎదురుగా ఉన్న తలుపు చట్రం అంచుని చూడు. ముందు కుడికన్ను మూసుకుని, తర్వాత ఎడమకన్ను మూసుకుని చూడు. ఏ కంటికి ఎలా కనిపించిందో రాయి. నవ్వకుండా, గాలి మీదకి నెట్టకుండా రాయి.

మాస్కు తిప్పినా వంకర తిరగలేదు. అద్దం వదులు చేసినా పోలేదు. చూపు ఎటు పోతే అటు పోతోంది. మరదలు చూస్తే లేనే లేదు. ఇంకా చిన్నద్దం అంటావేమిట్రా? నీకు గుర్తుందో లేదో, నాన్న చివరి రోజుల్లో మన మొహాలు తిన్నగా చూసేవాడు కాదు. తల పక్కకి తిప్పి చూసేవాడు. కోపం వచ్చిందనుకునేవాళ్ళం. నాకు భయంగా ఉంది.

వెంటనే జవాబు రాయి.

అక్క

*

మేడమీద గది
మంగళవారం

అక్కా,

ఎంత భయపెట్టావే! తలుపు చట్రం చూశాను. తలుపు చట్రం తలుపు చట్రంలాగే ఉంది.

అసలు సంగతేమిటంటే, కంటి దగ్గరుండే కటకానికి జిడ్డు అంటుకుంది. మెత్తటి గుడ్డతో తుడిచేసరికి వంకరా లేదు, గింకరా లేదు. నిన్న సాయంత్రం మొదటి మాస్కు పెట్టాను. నడిమి గీత సూదిలా ఉంది. రెండోది పెడితే మూడు గీతలూ ఒకేసారి మధ్యకి వచ్చి కూర్చున్నాయి. చంద్రుడి మీద గుంటలు చూసి మీ మరదలు కూడా నోరు తెరిచింది. నీ అద్దానికి తిరుగులేదు, నీ కోతకీ తిరుగులేదు. చెంపలు వేసుకుంటున్నాను.

ఒక్కటే ఇబ్బంది. ఆ గురి చూసుకునే చిన్న గొట్టం ఉంది చూడు, అది బుగ్గకి పొడుచుకుంటోంది. ముక్కు పెట్టుకోవడానికి చోటు లేదు. దాన్ని అవతలి పక్కకి మార్చాలంటే ఏ స్క్రూ విప్పాలో రాయి.

పెద్ద దూలం వచ్చేసింది. ఏటి ఒడ్డున పడుకోబెట్టారు. బావమరిది దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, "బావా, నువ్వు తప్ప దీన్ని ఎవరెత్తినా నేను కింద నిలబడను" అన్నాడు. వెధవ, వాడికి నేనంటే అంత గురి.

నీ పొడుగు

*

మెట్ల కింద వర్క్‌షాపు
శుక్రవారం

తమ్ముడూ,

ఆ గొట్టం బిగించింది నేను. నీ మొహం ఎటు వస్తుందో, ముక్కు ఎక్కడుంటుందో లెక్క చూసుకుని బిగించాను. కుడికన్ను పెట్టినవాడికి అది తగలదు. ఎడమకన్ను పెట్టినవాడి బుగ్గకే పొడుచుకుంటుంది.

ఎడమకంటితో చూస్తున్నావు. అందుకే గీత సూదిలా ఉంది.

నేను రెండ్రోజులు అన్నం సయించక తిరిగాను. ఆసుపత్రిలో మైక్రోస్కోపు బాగుచేయడానికి వెళ్ళినప్పుడు, ఎవరిదో అన్నట్టుగా కంటి డాక్టరుని అడిగాను. కంటి లోపలి పొరకి నడిమధ్య వాపొస్తే తిన్నటి గీతలు వంగి కనిపిస్తాయట. వెంటనే వస్తే మందుతో ఆపొచ్చు, ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాదు అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభంరా?

పైగా నీ పని! ఒంటికన్నుతో దూరం తెలియదు. కావాలంటే ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడు. నువ్వు ఎత్తేది దారం కాదు, దూలం. దాని కింద మనుషులుంటారు. గాలి మీదకి నెట్టిన ఆ కడ్డీల కట్ట సంగతి నాకు ఇప్పుడు అర్థమైంది.

మీ మేనేజరుకి నువ్వే చెప్పు. నేను చెప్పగలను, ఆ నంబరు సంపాదించడం నాకు ఎంతసేపు? కానీ నా చేత్తో నీ క్యాబిన్ తలుపు మూయించకు. నీ నోటితో నువ్వే చెప్పు.

అక్క

*

క్రేను క్యాబిన్
సోమవారం

అక్కా,

మధ్యాహ్నం పని ఆగిన వేళ ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాస్తే మీ మరదలు చూస్తుంది.

నీకు దొరికిపోయాను. కుడికన్ను పోతోంది. మొదట గీత వంగేది, ఇప్పుడు మధ్యలో మసక మచ్చలా ఉంది. మనిషి మొహం వంక చూస్తే చెవులు కనిపిస్తాయి గానీ మొహం కనిపించదు. నీ మొదటి మాస్కు పెట్టిన రోజే ఎడమకంటితో కూడా చూశాను. ఆ రోజే తెలిసింది. నీకు రాయలేదు.

చెప్తే ఏమవుతుందో తెలుసా? ఆ రోజే కిందకి దించుతారు. కింద నేనేం చెయ్యను? నాకు ఇదొక్కటే వచ్చు. ఇక్కడికి ఎక్కి తలుపు వేసుకుంటే నేను ఎవరో నాకు తెలుస్తుంది, దిగితే తెలియదు. ఎడమకన్ను బాగుంది అక్కా, నీ మాస్కుతోనే రోజూ చూసుకుంటున్నాను. గీత ఇసుమంత కూడా వంగలేదు. ఈ ఒక్క దూలం ఎత్తనీ. స్తంభాల మీద అది కూర్చున్న మర్నాడు నేనే వెళ్ళి డాక్టరు ముందు కూర్చుంటాను. కావాలంటే నువ్వొచ్చి చెవి పట్టుకుని తీసుకెళ్ళు.

ఒక్కటే ఇబ్బంది. రెండు కళ్ళూ తెరిస్తే మసకది మంచిదాని మీదకి వచ్చి పడుతోంది. కుడికన్ను మూసుకునే ఉందామంటే అది కొట్టుకుంటుంది, క్యాబిన్లో పక్కన కూర్చునే హెల్పరు పసిగడతాడు. ఏదైనా ఉపాయం చెప్పు. ఇంకెవర్నడగను?

మీ మరదలికి చెప్పకు. దానికి చెప్తే దాని తమ్ముడికి చెప్తుంది.

తమ్ముడు

*

మెట్ల కింద వర్క్‌షాపు
గురువారం

పొడుగూ,

నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. నువ్వు అడిగితే కాదనడం నాకు ఎప్పుడూ చేత కాలేదు, ఇప్పుడూ చేత కావడం లేదు. ఇది తప్పని నాకు తెలుసు. 

ఈ పెట్టెలో నల్లకళ్ళద్దాలు పంపుతున్నాను. కుడి అద్దానికి లోపలి వైపు నల్ల కాగితం అంటించాను. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎండకి పెట్టుకున్నావనుకుంటారు. కంటికి దగ్గరగా ఉండేలా కొంచెం వంచాను, పక్కనుంచి వెలుగు రాదు.

దూలాన్ని నెమ్మదిగా దించు. చివరి బెత్తెడూ నీ కన్ను నమ్మకు, సైగ నమ్ము. ఒక్క దూలం. మర్నాడు డాక్టరు. నేనెవరికీ చెప్పలేదు, చెప్పను.

అక్క

*

ఆసుపత్రి వరండా
ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం నేను చెప్తుంటే మీ మరదలు రాస్తోంది. ఎడమకంటికి కూడా మందు వేసి కట్టు కట్టారు. దానిలోనూ వాపు మొదలైందట, మాస్కుకి అందనంత చిన్నది. దాన్ని ఆపగలమంటున్నారు. కుడిది పోయినట్టే.

దూలం ఎత్తాను. నేలమీంచి లేవడం బాగా లేచింది. స్తంభాల దాకా బాగానే వచ్చింది. బావమరిది స్తంభం మీదకి ఎక్కి సైగలు చేస్తున్నాడు. వేరే వాళ్ళు నడిపితే వాడు దూరంగా నిలబడి తాడుతో సర్దుతాడు. నేను కదా అని దగ్గరికి వచ్చి చేత్తో సర్దుతున్నాడు. ఆపమని చెయ్యి చూపించాడు. నేను ఆపాను, కానీ దూలం నేననుకున్నదాని కన్నా కిందకి వచ్చేసింది. నా కంటికి ఇంకా సందు ఉంది అక్కా. ఒట్టు, ఉంది. దూలానికీ స్తంభానికీ మధ్య అరచెయ్యి పట్టేంత వెలుగు కనిపించింది. అప్పటికే వాడి కాలు లోపల ఉంది.

మోకాలి కింద తీసేశారు. బతికాడు. ఇదే ఆసుపత్రిలో, మెట్లెక్కితే వాడి గది. తనని చూడటానికి నన్ను రమ్మని కబురు పెట్టాడు. "గాలి వచ్చింది కదా బావా?" అని అడిగాడట. ఆ రోజు గాలి లేదు. నేనింకా వెళ్ళలేదు.

మేనేజరుకి అంతా చెప్పాను. నువ్వు రా అక్కా. వచ్చి నా పక్కన కూర్చో.

తమ్ముడు

వదినగారూ,

ఆయన చెప్పింది అయిపోయింది. పడుకున్నారు. ఇక్కడి నుంచి నా మాట.

ఆయన చెప్పినదంతా ఒక్క అక్షరం వదలకుండా రాశాను. మా తమ్ముడి కాలు గురించి కూడా నా చేత్తోనే రాశాను. తర్వాత ఆయన పెట్టెలో మీ ఉత్తరాలన్నీ కనిపిస్తే చదివాను. మీరు అడిగిన ప్రతి పరీక్షా చదివాను. ఆ మాస్కు ఎటు తిప్పాలో, ఏ స్క్రూ వదులు చెయ్యాలో, గొట్టం ఏ బుగ్గకి తగిలితే ఏమిటో అంతా ఉంది. ఆ సాయంత్రం నేను వచ్చి చూసి, గీతలన్నీ తిన్నగానే ఉన్నాయన్నాను. ఆ మాటని మీరిద్దరూ మీ లెక్కలో వేసుకున్నారు. మళ్ళీ నన్నెవరూ ఏమీ అడగలేదు.

కళ్ళద్దాలు నా దగ్గరే ఉన్నాయి. కాగితం ఎంత శుభ్రంగా అంటించారండీ! గోటితో గీకినా అంచు లేవలేదు.

మీరు వస్తే రండి, మీ తమ్ముడి దగ్గర కూర్చోండి. నేను మా తమ్ముడి దగ్గర ఉంటాను. పెట్టె చేరిందని చెప్పడానికి నేను మీకు ఫోన్ చేశాను వదినా. నా నంబరు అప్పటి నుంచీ మీ దగ్గరే ఉంది.